మా పాముచెవి బావ, కోళ్ళు అరవని మూల

మా బావ చెవుల గురించి నేను చెప్పేదంతా నిజం. మిగతా సంగతుల్లో ఉప్పూకారం ఓ చిటికెడు ఎక్కువ పడితే పడి ఉండొచ్చు. చెవుల విషయంలో మాత్రం ఉన్నది ఉన్నట్టే వడ్డిస్తున్నాను.

బావ అంటే మా అక్క భర్త. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. పెద్ద చెక్క బోర్డు ముందు కూర్చుని, ఒక చెవికి ఫోను తగిలించుకుని, తీగ ఈ రంధ్రంలోంచి పీకి ఆ రంధ్రంలో గుచ్చే కాలంలో చేరాడు. బోర్డులు పోయి యంత్రాలొచ్చాక ఆయన్ని ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడా చెవితోనే పని. "మా ఫోను గరగరమంటోంది" అని ఎవరైనా చెబితే, ఆ గరగర కాసేపు విని, "వంతెన దాటాక రెండో స్తంభం, పైన అతుకులో నీళ్ళు దిగాయి" అనేవాడు. లైన్‌మన్ నిచ్చెన వేసి ఎక్కితే అతుకులో నీళ్ళు! ఊరంతా పాముచెవి అని పిలిచేది. పాములకు చెవులే ఉండవని చదువుకున్నవాళ్ళు అంటారు. నేను ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను కాబట్టి నాకా ఇబ్బంది లేదు.

ఒకసారి ఎవరో ఆవిడ ఫోనెత్తి, నంబరు చెప్పబోయి, గుర్తురాక పెట్టేసింది. ఆ కాస్త సందులోనే వెనక వంటింట్లో పాలు పొంగుకొస్తున్న చప్పుడు బావకు వినబడింది. వెంటనే తిరిగి ఆవిడకే ఫోను కొట్టి, "అమ్మా, ముందు స్టవ్వు ఆర్పండి, నంబరు తర్వాత గుర్తొస్తుంది" అన్నాడు. ఆవిడ పరుగెత్తి చూస్తే పాలు గిన్నె అంచుదాకా వచ్చి, దింపుతారా పొంగమంటారా అని అడుగుతున్నట్టు నిలబడి ఉన్నాయట. ఇది నాకు ఎక్స్ఛేంజి వాచ్‌మన్ చెప్పాడు. అతను పాలు అంచుదాకా అన్నాడో, సగం గిన్నె అన్నాడో నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు, కానీ అంచుదాకా అంటేనే బాగుంటుంది.

అంత చెవి ఉన్నవాడికి ఉద్యోగంలో ఒకే ఒక్క కట్టుబాటు. కలపాలి, వినకూడదు. ఇటు మనిషిని అటు మనిషితో కలిపి, ఇద్దరూ హలో అనుకోగానే మీట వెనక్కి తోసి తప్పుకోవాలి.

"ఒరేయ్, ఊళ్ళో కథలన్నీ నా చేతులమీదుగానే పోయాయి. ఒక్కటీ పూర్తిగా వినలేదు" అనేవాడు బావ. "హలో దాకా నాది. ఆ తర్వాత వాళ్ళది."

మిఠాయి కొట్టుకు చక్కెరజబ్బువాణ్ణి కాపలా పెట్టినట్టన్నమాట.

రిటైరయ్యాక ఆ ఆకలి బయటపడింది. టౌన్లో మూడో అంతస్తులో వాళ్ళ ఫ్లాటు. పైనింటి కుక్కరు కూత, లిఫ్టు మూలుగు, మెట్లమీద నడకలు, అన్నీ వింటూ కూర్చునేవాడు. "పక్కింటాయనకు ఆఫీసులో పడటం లేదు" అనేవాడు అన్నం తింటూ.

"మీకెవరు చెప్పారండీ?" అనేది అక్క.

"ఆయన చెప్పులు విడిచిన చప్పుడు."

అక్క తలపట్టుకునేది. ఇలాగే సాగితే ఈయన్ని ఎప్పుడో ఎవరో ఒకరు మెట్లమీదే తంతారని ఆవిడ బెంగ.

సరిగ్గా ఆ రోజుల్లోనే బావ ఒక పాత లైన్‌మన్‌ను చూడటానికి ఊరవతలికి వెళ్ళాడు. ఆయన పెరట్లో నాలుగు నాటుకోళ్ళు తిరుగుతున్నాయి. ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది, లైన్‌మన్ చెప్పిన మోకాళ్ళ నొప్పుల పురాణం గాలికి పోయింది. బావ చెవులు కోళ్ళమీదే ఉన్నాయి. ఇంటికొచ్చి నన్ను పిలిపించాడు. మనిషి మొహం పెళ్ళిచూపులనుంచి వచ్చిన కుర్రాడి మొహంలా ఉంది.

"పుంజు ఏదో అందిరా, పెట్టలన్నీ పరిగెత్తుకొచ్చాయి. మళ్ళీ ఇంకేదో అంది, అన్నీ పొదకిందికి దూరాయి. పైకి చూస్తే గద్ద! మొదటిది 'తిండి'. రెండోది 'దాక్కోండి'. అవి మాట్లాడుకుంటున్నాయిరా. పైగా వినకూడదన్న రూలు లేదు!"

అంతే. నెల తిరిగేసరికి టౌనుకు దూరంగా, మొక్కజొన్న చేల మధ్య, పెంకుటిల్లున్న చిన్న తోట అద్దెకు తీసుకున్నాడు. ఫ్లాటుకు తాళం పడింది. అక్క అటక మీద సామాన్లు సగమే దింపింది. మిగతా సగం ఎందుకు దింపలేదని అడిగితే, "మళ్ళీ ఎక్కించే ఓపిక లేక" అంది. ఆవిడ నమ్మకం ఆ మాత్రం.

కంచె వేయడానికని రెండు రోజులకోసం నేను వెళ్ళాను. కంచె బాగా కుదిరింది. నేనూ బాగా కుదిరాను. బావ బతుకు కోరేవాడు బావమరిది అన్నారు పెద్దలు. పక్కనే ఉండి కోరితే ఇంకా మంచిదని నాకనిపించింది.

అప్పుడే ఎక్స్ఛేంజి పాత భవనం పడగొడుతున్నారు. అందులో ట్రంకుకాల్ గది ఒకటుండేది. గదంటే గది కాదు, ఒక మనిషి నిలబడేంత చెక్క పెట్టె. దూరపు ఊళ్ళకు మాట్లాడాలంటే జనం అక్కడికొచ్చి, అందులో దూరి, తలుపేసుకుని అరిచేవాళ్ళు. ఆ అరుపు బయటికి పోకుండా లోపలి గోడలకు మందంగా పీచు అట్టలు కొట్టి ఉంటాయి. తుక్కులో పోతోందని బావ ప్రాణం ఒప్పక దాన్ని లారీలో వేయించుకొచ్చాడు. నేనూ లారీ డ్రైవరూ దింపాం. అసలు నేనొక్కణ్ణే దింపాను, డ్రైవరు దాన్ని పట్టుకుని వేలాడాడు.

"ఇందులోంచి ఎవరికి చేస్తారండీ ఫోను? కోళ్ళకా?" అంది అక్క.

ఇంట్లో పట్టలేదు. స్నానాలగది వెనక, కంచెకు ఆనించి నిలబెట్టాం. తలుపుకు గడియపెట్టి, పైన గోనెపట్టా కప్పి, దాని సంగతి మరిచిపోయాం.

తర్వాత కోళ్ళొచ్చాయి. డజను పెట్టలు, ఒక పుంజు. అప్పుడప్పుడే ఎదుగుతున్నవి. పగలంతా తోటలో ఇష్టమొచ్చినట్టు తిరగడం, చీకటిపడేలోపు గూట్లోకి రావడం, అదీ ఏర్పాటు. గూడు మేమే కట్టాం. గుడ్లు పెట్టడానికి లోపల ఎండుగడ్డి పరిచిన చెక్క అరలు వరసగా, ఒకదానిమీద ఒకటి. దూరంనుంచి చూస్తే అచ్చం స్విచ్‌బోర్డు. బావ చెయ్యి తగిలితే అంతే మరి, కుక్కను పెంచినా దానికి ఎక్స్‌టెన్షన్ ఇచ్చేరకం.

పేర్లు కూడా ఆయనే పెట్టాడు. ఊరికే కంగారుపడేది అర్జెంటు. ఎప్పుడు చూసినా ఎవరితోనో ఒకరితో గొణిగేది ఎంగేజు. గొంతు చించుకునే ఎర్రపెట్ట ట్రంకాల్. ఒక బూడిదరంగు పెట్ట ఉంది, నోరు విప్పదు. తిండి వేసినా, తోక తొక్కినా మాటలేదు. మూగబోయిన ఫోను లైనన్నమాట, దాని పేరు డెడ్‌లైను. ఇక పుంజు. గింజ దొరికినప్పుడు పుంజు "టుక్ టుక్ టుక్" అని పెట్టల్ని పిలుస్తుంది. మా వాడు ఒట్టి గులకరాయి దగ్గర నిలబడి కూడా అదే పిలుపు పిలిచేవాడు. పెట్టలు ఆశగా పరిగెత్తుకొచ్చేవి, వీడు వాటి చుట్టూ రెక్క వాల్చి నాట్యం చేసేవాడు. వాడికి రాంగ్ నంబర్ అని పేరు పడింది.

"నీకు వీడి పోలిక కనబడటంలేదూ?" అంది అక్క నావైపు చూస్తూ.

బావ బొప్పాయి చెట్టుకింద పేముకుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. అలా వినీ వినీ నిఘంటువే తయారుచేశాడు, కాగితం మీద కాదు, బుర్రలో. గద్దొస్తే ఒక్క సన్నటి కేక, అందరూ బొమ్మల్లా నిలబడిపోతారు. పిల్లొస్తే అలా కాదు, టకటకమని ఆగకుండా అరుస్తారు. దాని అర్థం 'నిన్ను చూశాంలే, పో' అని. సాయంత్రం గూట్లో ఎక్కి పడుకునే దండెమీద చోటుకోసం జరిగే తగువు మరో రకం. "బస్సులో కిటికీ పక్క సీటు తగువే రా, మాట మాటా అదే!" అని బావ మురిసిపోయేవాడు. ఉద్యోగంలో ఎన్నడూ నవ్వనంత నవ్వాడు ఆ రెండు మూడు నెలల్లో.

ఆ తర్వాత పెట్టల తలమీది జుట్టు ఎర్రబడింది. గుడ్లకు వచ్చాయన్నమాట. ఒక ఉదయం అర్జెంటు తోటంతా అదిరేలా ఎత్తుకుంది. "కొక్, కొక్, కొక్, కొక్కొక్కో!" గుడ్డు పెట్టిన పెట్ట పాడే పాట. మిగతావాళ్ళు వంతపాడారు. బావ కుర్చీలోంచి లేచి ఒకే పరుగు గూడు దగ్గరికి. అరలన్నీ ఖాళీ. గడ్డి చెక్కుచెదరలేదు.

"బయటెక్కడో పెట్టింది. ఏముంది, అరిచిన చోటే ఉంటుంది" అన్నాడు బావ.

అరుపు వచ్చింది నీళ్ళతొట్టి పక్కనుంచి. వెతికాం. లేదు. మర్నాడు ట్రంకాల్ కట్టెలమోపు దగ్గర అరిచింది. మోపంతా ఊడదీసి మళ్ళీ పేర్చాం. లేదు. ఆ మర్నాడు ఎంగేజు గేటు దగ్గర. గడ్డి దువ్వెన పెట్టి దువ్వినట్టు దువ్వాం. లేదు. రోజూ తోటలో పాటకచేరీ. ఒక్క గుడ్డు కంటికి కనబడదు. అక్క వారానికోసారి వచ్చే కూరగాయల బండివాడి దగ్గర గుడ్లు కొనేది. పన్నెండు పెట్టల్ని పెంచుతున్న ఇంటివాళ్ళు గుడ్లు కొనుక్కోవడం చూసి ఆ బండివాడు నవ్వాపుకోవడానికి దగ్గేవాడు. ఆ దగ్గు వినలేక అక్క చివరికి తెగేసి చెప్పింది.

"ఏమండీ, వానలు పడేలోపు నా బుట్టలో గుడ్డు కనబడాలి. లేదంటే కోళ్ళు వ్యానెక్కుతాయి, మనం బస్సెక్కుతాం."

"వింటున్నాను" అన్నాడు బావ.

"వింటున్నారో లేదో అదే నా అనుమానం."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. అక్క ఊరికే అనలేదు. ఆవిడ లోపల్లోపల భయపడుతోంది, ఈయన చెవి పోతోందేమోనని. ఆ రోజునుంచి పరీక్షలు మొదలుపెట్టింది. వెనకనుంచి వచ్చి చెంచా పడేసేది.

"కాఫీ చెంచా" అనేవాడు బావ వెనక్కి తిరక్కుండానే. "సొట్టపడింది. నిన్నటిదాకా సొట్టలేదు, ఇన్నిసార్లు పడేస్తే పడదూ?"

చెంచా తెలుస్తోంది, గుడ్డు తెలియడంలేదు. నేను చూస్తూ ఊరుకునే రకం కాదు. నా బుర్రలోంచి ఒక ఉపాయం తీశాను. అక్క కుట్టుమిషను దారపు ఉండ తెచ్చి, కొస అర్జెంటు కాలికి కట్టి వదిలాను. ఎక్కడికెళ్ళినా దారం పట్టుకుని వెళితే దొరికిపోదూ? అర్జెంటు బొప్పాయి చెట్టు చుట్టింది. బట్టల తీగ చుట్టింది. కళ్ళు మూసుకుని వింటున్న బావను కుర్చీతో సహా చుట్టింది. నేను దారం వెంబడి తోటంతా ప్రదక్షిణం చేసి, ఉండ అంతా చుట్టుకుంటూ కొసకు చేరేసరికి, అక్కడ కాలికి దారంతో నిలబడి ఉన్నవాడు రాంగ్ నంబర్. పెట్ట కాలిది పుంజు కాలికి ఎలా మారిందో నాకిప్పటికీ తెలియదు. నమ్మనివాళ్ళు దారం వచ్చి చూసుకోవచ్చు, ఇంకా చిక్కు విడలేదు.

ఇంతలో ఇంకో దెబ్బ. డెడ్‌లైను మాయమైంది. ఒక సాయంత్రం గూట్లోకి రాలేదు. ఈకలు లేవు, నెత్తురు లేదు. నక్క ఎత్తుకుపోయిందన్నాను నేను. ఆ నక్కను నేను చూశానని కూడా అన్నాను, దూడంత ఉందన్నాను. బావ రెండు రోజులు సరిగ్గా తినలేదు.

"అరిచి ఉంటే విని లేచేవాణ్ణి కదరా. అది అరవదు. అరవనిదాన్నే ఎత్తుకుపోయింది" అన్నాడు.

"గుడ్లు లేవు సరే, ఇప్పుడు కోళ్ళు కూడా పోతున్నాయి" అంది అక్క. గొంతులో వెటకారం లేదు. అదే ఇంకా భయం వేసింది నాకు.

వారాలు గడిచాయి. ఎండ తగ్గుతూ వచ్చింది. ఒక సాయంత్రం బావ నన్ను పక్కకు పిలిచాడు. తూర్పున మబ్బు పడుతోంది.

"ఒరేయ్, ఇందాక ఎంగేజు అరిచింది కదా. ఎటునుంచి?"

"కట్టెలమోపు దగ్గర్నుంచి బావా."

"నాకూ అక్కడ్నుంచే వినబడింది." కుడిచెవి వేళ్ళతో నలిపాడు. "ఈ ఒక్క చెవికే ఇన్నేళ్ళు ఫోను తగిలించుకున్నాను. ఏం వినబడిందో చెప్పడానికి ఒక చెవి చాలు. ఎటునుంచో చెప్పడానికి రెండూ కావాలి. ఇది అలిసిపోయిందేమోరా. మీ అక్కకు చెప్పకు."

"లేదు బావా, నిజంగానే అక్కడ్నుంచే అరిచింది. నా చెవులతో విన్నాను."

బావ నా భుజం తట్టాడు. "ఓదార్చడానికి చెబుతున్నావు. నువ్వు చెప్పే నక్కలు నాకు తెలియవా?"

ఏడాదికోసారి నిజం చెబుతాను నేను. ఆ ఏడాది నిజం అలా వృథా అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే మొదటి చినుకులు పడ్డాయి. నాలుగంటే నాలుగు, పెంకుల మీద టపటపమని. అక్క కిటికీలోంచి చూసింది. అంతలోనే గేటు బయట హారను మోగింది. కోళ్ళ వ్యాను. ఆవిడ ముందే కబురు పెట్టింది.

వ్యాపారి దిగాడు. పొట్టి మనిషి, చంకలో రెండు వలగంపలు. "అమ్మా, గూట్లోనే ఉన్నాయా? గూట్లో ఉంటే చిటికెలో పని" అన్నాడు.

గూట్లో లేవు. పొద్దున్నే లేచి గూడు తలుపు ఎవరో బార్లా తెరిచిపెట్టారు. ఎవరో ఏమిటి, ఆ తోటలో అంత తెలివైనవాడు ఇంకొకడు లేడు. కోళ్ళు తోటంతా చెదిరి ఉన్నాయి.

"ఒరేయ్ తమ్ముడూ!" అంది అక్క.

"గాలికి తెరుచుకుందక్కా."

"గడియ తీసి, మేకుకు తగిలించి మరీ తెరిచిందా గాలి?"

వ్యాపారి ఒక్క నిట్టూర్పు విడిచి, గంప ఎత్తి, అర్జెంటు మీదికి దూకాడు. అర్జెంటు ఆయన కాళ్ళ సందులోంచి దూరిపోయింది. ఇక చూడాలి! ట్రంకాల్ ఎగిరి నీళ్ళతొట్టి అంచున దిగి గొంతెత్తింది. ఎంగేజు గేటెక్కింది. రాంగ్ నంబర్ పిల్లికేక, గద్దకేక, తిండికేక అన్నీ కలిపి ఒకేసారి వేశాడు. కట్టెలమోపు మీద రెండు, బొప్పాయి కింద మూడు, ఇంటి పెంకులమీద ఒకటి, ఒక్కొక్కటీ పది కోళ్ళ పెట్టున అరుస్తున్నాయి. మూడు చేల అవతల కుక్కలు అందుకున్నాయి. వ్యాపారి గంప తన తలమీదే బోర్లించుకున్నాడంటే మీరు నమ్మరు. ఇది మాత్రం నమ్మండి, తీయడానికి నేనే సాయం పట్టాను.

ఆ గోలలో నేను బావకోసం చూశాను. ఆయన తోట మధ్యలో నిలబడి ఉన్నాడు. కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి కొంచెం పైకెత్తి. ఆ చేతిలో తీగ ఉందా అనిపించింది. మా చిన్నప్పుడు గాలివానొస్తే ఎక్స్ఛేంజిలో బోర్డంతా ఒక్కసారి మోగేదట. ఊళ్ళో ప్రతివాడూ ఫోనెత్తేవాడు. కొత్తగా చేరినవాళ్ళు మోగేవాటి వెంట పరుగులు పెట్టేవాళ్ళు. బావ మాత్రం ఇలాగే నిలబడి, మోగని రంధ్రం ఏదో చూసేవాడట. అందరూ అరుస్తున్నప్పుడు అరవనిచోటే కదా లైను పడిపోయింది!

"అందరూ ఆగండి" అన్నాడు బావ. కోళ్ళు ఆగలేదు గానీ మేం ఆగాం. "ఒరేయ్, ఇన్నాళ్ళలో అవి ఎక్కడెక్కడ అరిచాయి?"

"తొట్టి, కట్టెలు, గేటు, బొప్పాయి, గడ్డివామి... తోటంతా అరిచాయి బావా."

"తోటంతా కాదు. ఒక్కచోట ఎప్పుడూ అరవలేదు. ఇప్పుడూ అరవడంలేదు. ఇంత గోలలో ఒక్కటి కూడా అటువైపు పరుగెత్తలేదు." కళ్ళు తెరిచాడు. "మనం ఎంత వెర్రివాళ్ళంరా. ట్రంకుకాల్‌కు జనం ఎక్కడికొచ్చేవాళ్ళు? ఇంట్లోంచి బయలుదేరి, వీధులు దాటి, మన దగ్గరికొచ్చి అరిచేవాళ్ళు. వాళ్ళు అరిచినచోటే వాళ్ళ ఇల్లుందని ఎవడైనా అనుకుంటాడా? నేననుకున్నాను! అది గుడ్డు పెట్టేది ఒకచోట. అక్కణ్ణుంచి చప్పుడు చేయకుండా నడిచొచ్చి, దూరంగా నిలబడి అరుస్తోంది. పిల్లీ నక్కా అరుపు వెంట పోవాలని. పిల్లి పోయిందో లేదో, నేను పోయాను."

అలా అంటూనే నడిచాడు. స్నానాలగది వెనక్కి. గోనెపట్టా కప్పిన చెక్క గది దగ్గరికి. మేం ముగ్గురం వెనకాలే. గడియ వేసింది వేసినట్టే ఉంది. బావ చెక్కకు చెవి ఆనించాడు.

"ఉంది" అన్నాడు చిన్నగా. "తెగిపోలేదు."

గోనెపట్టా లాగి, గడియ తీశాడు. లోపల, పీచు అట్టలు పీకి పరుచుకున్న మెత్తటి పరుపుమీద, ఒళ్ళంతా ఉబ్బించుకుని, డెడ్‌లైను. వెనక కంచెవైపు కింది చెక్క పుచ్చి ఊడిపోయింది, ఒక కోడి దూరేంత సందు. పక్క మూలలో మిగతా పెట్టలన్నీ పెట్టినవి, గుట్టగా గుడ్లు. తెల్లవీ, గోధుమరంగువీ. జనం అరవడానికి కట్టిన ఆ గదిలో నోరుమూసుకుని పనిచూసుకోవాలని ఒక్క కోళ్ళకే తోచింది.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారు" అంది అక్క.

నేను చెయ్యి పెట్టాను. ఇన్నాళ్ళూ నోరు విప్పని డెడ్‌లైను నోరు విప్పింది, అదీ నా వేలిమీద. ఆ వేలు ఇప్పటికీ సగమే ఉంది. చూపించమంటే చూపిస్తాను, మీకు మామూలుగానే కనబడుతుంది, అంత నేర్పుగా కొరికింది.

బావ దానితో ఏదో గొణిగాడు, కోళ్ళు దండెమీద సర్దుకునేటప్పుడు చేసే సణుగుడు లాంటిది. అది రెక్క కొంచెం ఎత్తింది. కిందనుంచి ఒక గుడ్డు తీశాడు. వెచ్చగా ఉన్నట్టుంది, అరచేతిలో అటూ ఇటూ మార్చాడు. పెంకుమీద వెంట్రుకంత బీట. అలవాటుగా కుడిచెవికి పెట్టుకున్నాడు.

ఆ మొహాన్ని ఏమని చెప్పను! ఎన్ని పెద్ద పెద్ద కోతలు కోసినవాణ్ణి, దీనికి మాట దొరకడంలేదు. కనుబొమలు పైకి వెళ్ళాయి, అక్కడే ఉండిపోయాయి.

"మాట్లాడుతోంది" అన్నాడు.

"ఏదండీ?"

"లోపల. పెంకులోంచి. ఇంకా బయటికి రాలేదు, అప్పుడే మాట్లాడుతోంది!"

అక్క నమ్మలేదు. గుడ్డు తీసుకుని చెవికి పెట్టుకుంది. తోటలో కోళ్ళ గోల ఇంకా సద్దుమణగలేదు. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. "నాకేం వినబడటం..." అని ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. బావ కుడిచెవి వైపు చూసింది. చెంచాలన్నీ పడేసి తెలుసుకోలేనిది, ఇంత గోలలో ఇది విన్న చెవికి ఏమీ కాలేదని, ఆవిడకు అప్పుడు తెలిసింది. అది బావకూ తెలిసింది.

వ్యాపారి కూడా చెయ్యి చాచాడు. "బతుకంతా కోళ్ళే అమ్మా, ఎప్పుడూ గుడ్డును చెవికి పెట్టుకోలేదు" అంటూ విన్నాడు. చిన్నపిల్లాడిలా నవ్వి ఇంకోసారి విన్నాడు. ఆ తర్వాత నేను. నాకైతే లోపల ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు వినబడింది. ఒకటి బయట వాన పడుతోందా అని అడిగింది, రెండోది ఇంకా లేదు, నాలుగు చినుకులే అంది.

"ఈ పుంజు కబుర్లకేం గాని" అంది అక్క నాతో. వ్యాపారివైపు తిరిగింది. "బాబూ, గంపలు సర్దుకో. ఊరికే తిప్పాను, ఏమనుకోకు. ఉండు, ఆ మూలలోవి ఓ నాలుగు తాజావి ఏరి ఇస్తాను, ఇంటికి పట్టుకెళ్ళు." వంగి మూలలోని గుడ్లు కొంగులోకి ఏరుకుంటూ బావతో, చాలా మామూలుగా, "అటకమీద మిగిలిన సామాన్లకు ఎవరో ఒకరు వెళ్ళాలి. లారీ మాట్లాడండి" అంది.

బావ గుడ్డును తిరిగి డెడ్‌లైను రెక్కకింద పెట్టాడు. మూగదనుకున్న ఆ పెట్ట గొంతులో సన్నగా, లోతుగా ఒక మాట అంది. పెంకులోంచి జవాబొచ్చింది. ఈసారి చెవి ఆనించకుండానే మా అందరికీ వినబడింది.

ఆయన లేచి, చేతులు దులుపుకుని, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేశాడు.

"కలిపేశాను. పదండి. ఇక వినకూడదు."

వ్యాపారి తన నాలుగు గుడ్లతో గేటువైపు నడిచాడు. అక్క కొంగులో మిగతా గుడ్లతో బుట్టకోసం లోపలికి వెళ్ళింది. నేను కూడా నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. బావ అక్కడే ఉన్నాడు. చెక్క గదికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, తలమీద చినుకులు పడుతున్నా కదలకుండా.

"బావా! రూలో?"

నోటిమీద వేలు పెట్టి ఉష్ అన్నాడు.

"రిటైరయ్యాను కదరా."